తలుపు కింద వైరు

“అది వైరు కొరికినప్పుడల్లా మీరేం చేస్తారు?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే డాక్టర్ హైందవి పిల్లిని టవల్‌లో చుట్టి లోపలికి తీసుకెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, “తొందరేం లేదండీ, ఎక్స్‌రే, స్కానింగ్ అయ్యేసరికి ఓ గంట పడుతుంది. కూర్చుని గుర్తు చేసుకోండి. అది చేసేది కాదు, మీరు చేసేది,” అంది. స్ప్రింగు తలుపు కాసేపు ఊగి ఆగిపోయింది. నవీన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, ఖాళీ అయిన పిల్లి బుట్టను ఒళ్ళో పెట్టుకుంది. ఏం చేస్తానంటే ఏముంది, తిడతాను, ఎవరైనా చేసేది అదే కదా అనుకుంది. అనుకున్నాక గుర్తొచ్చింది, తాను దాన్ని ఒక్కసారైనా తిట్టి ఎరగదు. తిట్టాలంటే గొంతు కావాలి. పొద్దున టిఫిన్ల వేళ నుంచి రాత్రి భోజనాల దాకా ఆ ఇంట్లో గొంతున్నది దినేశ్ ఒక్కడికే.

కిటికీ అవతల పంజాగుట్ట రోడ్డు రోజూలాగే ఎవడి గోల వాడిదిగా ఉంది. ఆటోలు, హారన్లు, ఎవరో ఎవరినో “ఓ అన్నా, జర పక్కకు జరుగు” అని బతిమాలుతున్నట్టు తిట్టడం, పైన మెట్రో రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగా వణకడం. ఈ చప్పుళ్ళకు చేగోడి లోపల బెదిరిపోతోందేమో. బెదరదులే, కొంచెం మత్తిస్తామన్నారు. పొద్దున్నుంచి వాంతి మీద వాంతి, ఆఖరికి పసరు తప్ప ఏమీ రాలేదు, కడుపు ముట్టుకుంటే మూలిగింది. చుట్టచుట్టుకుని తోకకొనను నోటి దగ్గరికి చేర్చుకుని పడుకుంటుందని ఆ పేరు పెట్టింది దినేశే. ఆ దినేశే ఇవాళ పొద్దున తెగిన వైరు చేత్తో పట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, “ఇంక నాతోని కాదు నవీనా. విక్రమ్‌కు చెప్పిన. సాయంత్రం వచ్చి తీస్కపోతడు,” అని, తలుపు వేసుకుని, కొత్త వైరు తగిలించుకుని, “సారీ ఫ్రెండ్స్, చిన్న నెట్ ప్రాబ్లమ్” అంటూ మళ్ళీ క్లాసులో పడిపోయాడు. విక్రమ్ వాళ్ళది మాసబ్ ట్యాంక్‌లో కింది వాటా, పెరడుంది, పిల్లలున్నారు, చెడ్డవాళ్ళేం కాదు. పిల్లికి అక్కడే బాగుంటుందేమో కూడా. కానీ సాయంత్రానికి ఇది బతికి బట్టకడితే కదా విక్రమ్ వచ్చేది, బతికి బయటపడితే వెంటనే విక్రమ్ బండెక్కాలి, ఏ రకంగా చూసినా ఇవాళ రాత్రి ఇంట్లో చేగోడి ఉండదు. ఈ లెక్క తేలగానే నవీనకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, పక్కకుర్చీ ఆవిడ చూస్తుందేమోనని బుట్ట మూత సర్దుతున్నట్టు తల వంచుకుంది.

దినేశ్ మంచివాడు. ఆ మాట అందరికంటే ముందు నవీనే చెబుతుంది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పేవాళ్ళకు కొదవేముంది, ఒక్కో బిల్డింగుకు గోడ కనబడకుండా బోర్డులు, బోర్డు మీద బోర్డు, అందులో ఒక బోర్డు మీద చాలాకాలం దినేశ్ పేరు కూడా ఉండేది. క్లాసులు ఆన్‌లైన్‌కు మారాక బోర్డు దిగి, ఇంటి ముందుగదే ఇన్‌స్టిట్యూట్ అయింది. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళకు మరొకటి, మధ్యలో ఇంటర్వ్యూ ప్రాక్టీసులు. నెట్ ఆగి గొంతు తెగితే స్టూడెంట్లు ఆగరు, పక్క ట్రైనర్ డెమో క్లాసుకు పోయి కూర్చుంటారు. అందుకని దినేశ్ వైఫైని నమ్మడు. నెట్ పెట్టె హాల్లో ఉంది, అక్కడి నుంచి నీలంరంగు వైరు ఒకటి గోడవారగా పాకి, మూసిన తలుపు కింది సందులోంచి దూరి అతని కంప్యూటర్‌కు తగులుకుంటుంది. ఇంటికి అదే ప్రాణం. చేగోడికీ అదే ప్రాణం, కాకపోతే మరో రకంగా. చార్జర్లున్నాయి, ఫ్యాను వైరుంది, నవీన చున్నీల అంచులున్నాయి, చిన్నప్పుడు వాటన్నిటి మీదా పళ్ళు పరీక్షించింది కానీ పెద్దయ్యాక అన్నీ వదిలేసి ఆ నీలంవైరు ఒక్కదాన్నే పట్టుకుంది. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు, సరిగ్గా తలుపు కింద దూరే చోట. ఎందుకని అక్కడే? ఆ ప్రశ్న నవీన తనను తాను ఇన్నాళ్ళూ అడగలేదు, డాక్టరమ్మ కూడా అది కాదే అడిగింది, మీరేం చేస్తారంది.

చేయనిదేముంది. వైరుకు వేపనూనె రాసింది, ఆ వాసనకు పిల్లి కాదు కదా దినేశే తుమ్మి తుమ్మి క్లాసు మధ్యలో మైక్ ఆపుకోవాల్సి వచ్చింది. కారప్పొడి చల్లితే పిల్లి తుమ్మింది, ఆ తుమ్ములు తలుపు సందులోంచి లోపలికి వెళ్ళి, “సార్, మీ ఇంట్లో ఎవరికో బాలేనట్టుంది” అని ఎవడో స్టూడెంట్ పరామర్శించాడట. నిమ్మరసం, కాకరకాయ రసం, టేపు చుట్టడం, అట్టముక్క అడ్డం పెట్టడం, అన్నీ అయ్యాయి. ఆడుకోవడానికి లేక కొరుకుతోందేమోనని బంజారాహిల్స్ దాకా పోయి బొమ్మ ఎలుకలు, గంట ఉన్న బంతీ తెచ్చింది. గంట మోగితే క్లాసుకు ఇబ్బంది. బ్లేడు పెట్టి గంట కోసేసింది. ఎలుక కడుపులో చిన్నగా గలగలమనేవేవో గింజలుంటే అవీ తీసేసి మళ్ళీ కుట్టింది. నోరులేని ఎలుకను పిల్లి కాసేపు వాసన చూసి, నీకూ నాకూ ఏం పని అన్నట్టు వదిలేసింది. తర్వాత? తర్వాత వైరు కొరుకుతున్న కరకర చప్పుడు వినబడగానే వంటింట్లోంచి మునివేళ్ళ మీద పరిగెత్తి, డబ్బాలోంచి ఎండుచేప ముక్క తీసి దాని ముక్కు ముందు పెట్టి, అది వైరు వదిలి చేప పట్టుకోగానే ఎత్తుకుని, తల నిమురుతూ, చెవిలో “వద్దమ్మా, క్లాస్ నడుస్తుంది, వద్దు బంగారం” అని గుసగుసలాడుతూ వంటింట్లోకి తెచ్చుకునేది. చేప, ఒడి, ముద్దులు, బుజ్జగింపు. ఎప్పటికప్పుడు పిల్లి నోరు మూయించానని సంతోషపడింది కానీ ఇలా వరసన పెట్టి చూసుకుంటే ఇదేదో బహుమతి ప్రదానంలా ఉందే. మెదడు ఎక్కడ పెట్టుకున్నానో అని తనను తాను తిట్టుకుంది. తనను తాను తిట్టుకోవడానికి పైకి గొంతు అక్కర్లేదు మరి.

గొంతు. ఎర్రగడ్డలో వాళ్ళమ్మ రాజమ్మ కూరగాయల బండి దగ్గర నిలబడి కేకేస్తే సందు చివర ఇంట్లోవాళ్ళు సంచి తీసుకుని బయల్దేరేవాళ్ళు. ఇంట్లో ఎవరూ నెమ్మదిగా మాట్లాడి ఎరగరు, ఉప్పు అందుకోమన్నా యుద్ధానికి పిలిచినట్టే ఉండేది. ఆ గొంతే నవీనకొచ్చింది. అమీర్‌పేటలో కోర్సుకు చేరినప్పుడు, కుర్చీలు చాలక కొందరు నిలబడే ఉండే ఆ క్లాసులో, అప్పుడే కొత్తగా పాఠం చెప్పడం మొదలెట్టిన దినేశ్ బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తుంటే, ఆఖరి బెంచీ నుంచి “సార్, నాకు సమజ్ కాలే, మళ్ళ చెప్పున్రి” అని అరిచింది. క్లాసంతా నవ్వింది. దినేశ్ నవ్వలేదు, మళ్ళీ చెప్పాడు. “నీ గొంతు ఇనకపోతే ఆ రోజు క్లాస్ చెప్పినట్టే ఉండకపోయేది” అని పెళ్ళయ్యాక ఎన్నిసార్లన్నాడో. ఇప్పుడు ఆమె పనంతా వేళ్ళతోనే. కొత్తగా చేరేవాళ్ళకు మెసేజ్‌లు, బ్యాచ్ టైమింగులు, పొద్దున్నే అందరికీ క్లాసు లింకు పంపడం. కుక్కర్ విజిల్ రాకుండా పప్పు విడిగా ఉడికిస్తుంది. కాలింగ్ బెల్ తీగ పీకేసి, తలుపు మీద ‘ఫోన్ చేయండి’ అని కాగితం అంటించింది. అమ్మ ఫోన్ చేస్తే బాల్కనీలోకి పోయి, “జర మెల్లగ మాట్లాడే” అంటుంది. అమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు, అందుకని ఈమధ్య ఫోనే తగ్గించింది.

“ఏంటమ్మా, పిల్లికా?” అంది పక్కకుర్చీ ఆవిడ. పండు ముసలావిడ, నూలు చీర, కాళ్ళ దగ్గర బొచ్చు ఊడిన తెల్ల కుక్క ఒకటి నిద్రపోతోంది. తనను స్వరాజ్యం అంటారని, ఉండేది నాగార్జున సర్కిల్ వెనకేనని, ఇది కుక్క కాదని తనకు సవతి అని, ఆవిడే గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నవీన వైరు సంగతి చెప్పింది.

“మావాడు చెప్పులు కొరికేవాడమ్మా. ఇంట్లో ఇన్ని జతలుంటే ఒక్క మావారివే. ఆయన ఆఫీసు నుంచి వచ్చి పేపరు ముందేసుకునేవారు, ప్రపంచం మునిగిపోయినా తలెత్తేవారు కాదు. వీడు మెల్లగా చెప్పు నోట కరిచి లాక్కొచ్చి ఆయన ఎదురుగానే కూర్చుని నమిలేవాడు. ఇక చూడు, పేపరు విసిరేసి, వాడి వెంటపడి, ఇల్లంతా పరుగులు. ‘వెధవా, మళ్ళీ కొన్నానా’ అంటూ. ఎన్ని జతలు తగలేశాడో.”

“తర్వాత ఎట్ల మానిండు?”

“ఆయన పోయారు,” అంది స్వరాజ్యం గారు, కుక్క వీపు మీద చెయ్యి వేసి. “చెప్పులు మాత్రం గుమ్మంలో అలాగే ఉంచాను, తీయబుద్ధి కాలేదు. వీడు మళ్ళీ వాటి జోలికి పోలేదు. రోజూ వాటిని దాటుకునే వెళ్తాడు, వాసన కూడా చూడడు. చెప్పుల మీద ఉంటేగా ప్రేమ!”

తర్వాత ఆవిడను లోపలికి పిలిచారు. నవీనకు ఆ ఆఖరి మాటే వినబడుతోంది. చెప్పుల మీద కాదు. వానాకాలంలో ఒకరోజు వీధి తవ్వుతూ ఎవరో నెట్ తీగ తెంపేశారు, పేటలో సగం ఇళ్ళకు ఆ రోజంతా నెట్ లేదు. దినేశ్ కాసేపు ఫోన్ల మీద ఫోన్లు చేసి, అరిచి, అలిసి, చివరికి హాల్లో చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. చేగోడి వచ్చి అతని పొట్ట మీద ఎక్కింది. అతను తోసేయలేదు. నవీన మిర్చిబజ్జీలు వేసింది, మాడ్చిందని దినేశ్ ఎగతాళి చేశాడు, వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి కేకలేసుకుంటూ మాట్లాడుకున్నారు, ఆ మాటలకు ముందూ వెనకా లేదు. తలుపు బార్లా తీసి ఉంది. నీలంవైరు గడప మీద అలాగే పడి ఉంది. ఆ రోజు పిల్లి దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోలేదన్న సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు, ఎవరు చూస్తారు, ఎంత బాగుంది ఆ రోజు. మర్నాడు నెట్ వచ్చింది. తలుపు పడింది. మధ్యాహ్నానికి కరకర.

అంటే అది వైరు మీద కాదు. చేప మీద కూడా కాదేమో, చేప దారిలో దొరికిన లాభం. వైరు కొరికితే లోపల గొంతు ఆగుతుంది. గొంతు ఆగితే కుర్చీ కిర్రుమంటుంది. కుర్చీ కిర్రుమంటే తలుపు తెరుచుకుంటుంది, మనిషి బయటికొస్తాడు, కోపంగా వచ్చినా సరే, వంగుతాడు, చూస్తాడు, ఏదో ఒకటి అంటాడు. మియావ్ మంటే తెరుచుకోని తలుపు, గోళ్ళతో గీరినా తెరుచుకోని తలుపు, కొరికితే తెరుచుకుంటోంది. ఇంత చిన్న బుర్రలో ఎంత చక్కగా అర్థం చేసుకుందిరా దీన్ని! ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నవీన కూడా వంటింటి గడపలోకి వచ్చి నిలబడేది. పిల్లిని కాపాడ్డానికే వచ్చాననుకునేది. “చూసినవా నీ పిల్లి చేసిన పని” అని అతను అరిస్తే, “నా పిల్లేంది, నీ పిల్లి సుత” అని తను మెల్లగా జవాబిచ్చేది. ఆ కాస్త పోట్లాట కోసం లోపల ఎంత ఆకలిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది, సిగ్గుకన్నా ఎక్కువగా దుఃఖమొచ్చింది. వైరు తెగిన రోజులు ఆమెకు బాగుండేవి.

డాక్టర్ హైందవి బయటికొచ్చి పక్కనే కూర్చుంది. నవీన అడగకముందే మొదలెట్టింది, ఆగకుండా: “మేడమ్, కొరికితే నేను చేప పెడ్త. ఎత్తుకుంట. మా ఆయన తలుపు తీస్తడు. కొరకకుంటే ఇద్దరం దాని దిక్కు చూడం. గదే మేం చేసేది.”

డాక్టర్ ఆశ్చర్యంగా చూసింది. “చాలామందికి ఇది చెప్పడానికి నెల పడుతుందండీ. పళ్ళు బాగానే ఉన్నాయి, రక్తంలోనూ తేడా లేదు. తల్లిని తొందరగా వదిలిన పిల్లికూనలకు నోట్లో ఏదో ఒకటి పెట్టుకునే అలవాటు కూడా ఉంటుంది.” ఆ మాట నిజమే, పక్క హాస్టల్ అమ్మాయిలు ఖాళీ చేసి పోతూ కళ్ళు సరిగ్గా తెరవని కూనను అట్టపెట్టెలో ఇచ్చి పోయారు. “వైరు గట్టి పైపులో పెట్టేయండి. కొరకడానికి దానికంటూ ఏదైనా ఇవ్వండి, కుండీలో గోధుమగడ్డి వేసినా చాలు. చప్పుడు చేసే బొమ్మలివ్వండి. కొరికినప్పుడు పరిగెత్తకండి, చేప అసలే వద్దు. కొన్నాళ్ళు ఇంకా ఎక్కువ కొరుకుతుంది, ఇదివరకు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచెయ్యట్లేదని. అప్పుడు మీరు మెత్తబడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కొరికాక తీసే తలుపు, కొరకక ముందే తీయండి. రోజూ, ఆయన వీలుచేసుకుని.”

“గది నా చేతుల లేదు,” అంది నవీన.

డాక్టర్ తాను వచ్చిన పని చెప్పింది. ఎక్స్‌రేలో లోహం లేదు. స్కానింగ్‌లో మాత్రం ఏదో మెత్తని ముద్ద ఉంది. మింగిన వెంట్రుకల ఉండ కావచ్చు, అయితే మందుతో పోతుంది. లేదా వైరు తెగిన చోటి రబ్బరు తొడుగు ముక్క కావచ్చు. అదైతే పేగుకు అడ్డం పడకముందే పొట్ట కోసి తీయాలి, పిల్లి ఇప్పటికే నీరసంగా ఉంది, కోతను ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పలేరు. “పొద్దున తెగిన చోట తొడుగు మొత్తం ఉందా లేదా? అది తెలిస్తే చాలు. ఎక్కువసేపు ఆగలేమండీ.”

తెగిన ముక్క దినేశ్ చేతిలో ఉంది. దాన్ని లోపలికి తీసుకుపోయాడు. నవీన ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. క్లాసు టైమ్‌లో అతని ఫోన్ సైలెంటులో సొరుగులో ఉంటుంది, ఆ సొరుగు మూసేది తనే. మళ్ళీ చేసింది. మెసేజ్ పెట్టింది. హాస్టల్ వాచ్‌మన్‌కు చేసి తలుపు కొట్టమందామా, ఎంత కొట్టినా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి వినబడదు. ఆటోలో పోదామంటే ఈ వేళప్పుడు అమీర్‌పేట చౌరస్తా దాటి పోయిరావడం అయ్యే పనేనా. లోపల చేగోడి బల్ల మీద ఉంది. ఎట్లా, ఎట్లా ఆ గదిలోకి వినబడటం? తలుపు కింద కొరికే పళ్ళు తనకు లేవు. చేతిలో ఫోన్ ఉంది. ఫోన్లో పొద్దున్నే తాను అందరికీ పంపిన క్లాసు లింకు ఉంది. ఎన్ని బ్యాచ్‌లకు ఎన్ని వందలసార్లు పంపిందో, ఒక్కసారీ తాను నొక్కలేదు. నొక్కింది.

ఫోన్లోంచి దినేశ్ గొంతు వచ్చింది. గోడ అవతలి గుయ్యిమనే శబ్దం కాదు, అసలు గొంతు, నవ్వుతున్న గొంతు. చెవిలోనే ఉన్నట్టుంది. ఎవరినో ఆటపట్టిస్తున్నాడు, ఒకే ఇంటి అడ్రసు ఇద్దరికిస్తే పోస్ట్‌మన్ ఏం కావాలి అంటున్నాడు, డేటాబేస్ పాఠం. ఇంత నవ్వు ఇతని దగ్గర ఇంకా ఉందా! చతురస్రాల నిండా నల్లగా పేర్లు, ఒక్కో పేరు పక్కనా నోరు కొట్టేసిన మైకు గుర్తు. “ఎవరికన్న డౌట్ ఉందా? అడగున్రి, సిగ్గుపడొద్దు,” అన్నాడు దినేశ్.

నవీన మైకు తెరిచింది. “నాకుంది,” అంది. వెయిటింగ్ హాల్లో వాళ్ళందరూ తల తిప్పి చూశారు.

“ఎవరండీ? పేరు చెప్...” గొంతు ఆగిపోయింది. “నవీనా?”

“పొద్దున తెగిన ముక్క ఏడ ఉంది దినేశ్? తెగిన కొసకు రబ్బర్ తొడుగు మొత్తం ఉందో లేదో చూడు. గిప్పుడే చూడు. లేకుంటే దాని పొట్ట కోస్తరట.”

ఆమెకు కంఠతా వచ్చిన చప్పుడు, కుర్చీ కిర్రుమనడం. బుట్ట బోర్లించిన చప్పుడు, కాగితాలు, ఏదో దొర్లడం. మైకు తెరిచే ఉంది. ఎవరో అమ్మాయి సన్నగా, “మేడమ్, పిల్లికేమైంది?” అంది, వెనకాల పసిబిడ్డ ఏడుపు. ఇంకొకడు మైకు తెరిచాడు, వాళ్ళ వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది, ఆ తర్వాత ఎవరింట్లోనో పోపు చిటపట, ఎవరి నాయనమ్మో “ఎవల్రా అది” అని అడగడం. ఇన్ని ఇళ్ళా ఇందులో ఉన్నవి! నవీన ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఆ చప్పుళ్ళలోంచి దినేశ్ అడుగుల కోసం చెవులు రిక్కించింది.

“ఉంది,” అన్నాడు దినేశ్, ఆయాసపడుతూ. “తొడుగు ఉంది నవీనా. పండ్ల గాట్లు పడ్డయి గని, ముక్క పోలే. మొత్తం ఉంది.”

స్ప్రింగు తలుపు పట్టుకుని నిలబడ్డ డాక్టర్‌కు నవీన తలూపింది. డాక్టర్ గుండె మీద చెయ్యి వేసుకుని, “అయితే కోత అక్కర్లేదు, సాయంత్రం దాకా ఇక్కడ ఉంచుదాం,” అని లోపలికి పోయింది. నవీనకు ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు, క్లాసంతా విన్నా సరే.

“ఏడ్వకు. ఫికర్ చెయ్యకు. క్లాస్ అయినంక మాట్లాడుదాం,” అన్నాడు దినేశ్, అలవాటు కొద్దీ.

“లేదు. ఇప్పుడే. విక్రమ్ అన్నకు ఫోన్ చేసి రావద్దని చెప్పు.”

“నవీనా, అందరు ఇంటున్నరు.”

“ఇననీ. అది వైరు కోసం కొరుకుత లేదు దినేశ్, నువ్వు బయటికొస్తవని కొరుకుతుంది. వైరు తెగితెనే నువ్వు కనబడ్తవ్. దానికీ గంతే, నాకూ గంతే. క్లాస్‌కు క్లాస్‌కు నడుమ జర తలుపు తియ్యి. గది చాలు. దాన్ని ఇంట్ల నుంచి పంపేది మాత్రం లేదు.”

నవీన ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది, ఇప్పుడు లింకు తెంపేస్తాడేమో, ఫ్రెండ్స్ సారీ అంటాడేమో, రాత్రికి ఇంట్లో ఏ మొహం చూడాలో. సొరుగు లాగిన చప్పుడైంది. మైకు మూయకుండానే దినేశ్ ఫోన్ కలిపాడు. “విక్రమ్, నేను దినేశ్‌ను. సాయంత్రం రాకు భాయ్. ఏం లేదు, పిల్లిని ఇస్తలేం. అవ్, మేమే ఉంచుకుంటున్నం.” తర్వాత గొంతు సవరించుకుని, “ఫ్రెండ్స్, ఏడిదాక వచ్చినం?” అన్నాడు. పాఠం మళ్ళీ సాగింది, తడబడుతూ. అతని మాటల వెనకాల కింద సందులో చీపుర్లవాడి కేక, మెట్ల మీద ఎవరో దిగుతున్న చెప్పుల టపటప వినబడుతున్నాయి. గది తలుపు తీసినట్టున్నాడు, మళ్ళీ వేసుకోలేదు. నవీన ఆ కేకలు కాసేపు విని ఫోన్ ఆపేసింది.

“ఒక్క నిమిషం వచ్చి చూసి వెళ్ళండి, మత్తు దిగుతోంది,” అని డాక్టర్ పిలిచింది. లోపల స్టీలు బల్ల మీద, టవల్‌లో, చేగోడి తల ఒక పక్కకు వాల్చి పడుకుని ఉంది. కళ్ళు సగం తెరిచింది కానీ ఎటు చూస్తోందో దానికే తెలియదు. నవీన బల్ల దగ్గరికి వెళ్ళి, నోరారా, ఎర్రగడ్డ సందు చివరి దాకా వినబడేలా, “చేగోడీ!” అని పిలిచింది.

పిల్లి చెవులు నిక్కాయి. బరువైన తల ఎత్తి, నవీన వైపు కాకుండా పక్కకు, తర్వాత వెనక్కి చూసింది, ఎవరినో పిలుస్తున్నారు, ఎవరినబ్బా అన్నట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అది తన పేరును గుసగుసగా తప్ప విననే లేదు. నవీన దాని మొహం ముందుకు వంగి, గొంతు ఏమాత్రం తగ్గించకుండా, మళ్ళీ పిలిచింది.